డిశ్చార్జి కాగితం మీద అంకెలు కావాలి

సంపాదకుల వారికి,

క్యాన్సర్ వల్ల మూత్రాశయం తీసేసిన రోగుల్లో దాదాపు నలుగురిలో ఒకరు 30 రోజులు నిండకుండానే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు. ఇది మన దగ్గరి లెక్కే కాదు, పెద్ద పెద్ద దేశాల్లోనూ ఇంతే. ఎవరు తిరిగొస్తారో చెప్పడానికి వయసు, బరువు, షుగర్, కిడ్నీల పనితీరు, ఎక్కించిన రక్తం కలిపి స్కోర్లు కట్టారు. బొమ్మా బొరుసా వేయడం కన్నా అవి కాస్త నయం, అంతే. మనిషిని వెనక్కి తెచ్చేవి చాలావరకు ఇంటికెళ్లిన మొదటి రెండు వారాల్లో మొదలవుతాయి మరి.

మూత్రం పట్టే సంచి సంగతే చూడండి. 15 సెంటీమీటర్ల చిన్నపేగు ముక్కతో పొట్టకు కుడివైపు స్టోమా, అంటే మూత్రం బయటికొచ్చే దారి పెడతారు. కొత్తలో అది వాచి ఉంటుంది, 6 నుంచి 8 వారాల్లో కుంచించుకుపోతుంది. వార్డులో తీసిన కొలతతోనే ఇంట్లోనూ సంచిని చర్మానికి అంటించే ప్లేటు కత్తిరిస్తే చుట్టూ సందు మిగిలి మూత్రం కారుతుంది, చర్మం పుండు పడుతుంది. రంధ్రం స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లకు మించి పెద్దదిగా ఉండకూడదు, మార్చినప్పుడల్లా కొలవాలి. బట్టలు తడుస్తాయన్న భయంతో రోగి నీళ్లు తాగడం తగ్గిస్తాడు. వరంగల్ మే నెల ఎండల్లో ఆ దెబ్బ కిడ్నీలకే తగులుతుంది.

పైగా ఆ పేగు ముక్క మూత్రంలోని క్లోరైడ్‌ను పీల్చుకుని, ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్‌ను వదిలేస్తుంది. రక్తంలో ఆమ్లం పెరిగి అన్నం సయించదు, వికారం, ఆయాసం వస్తాయి. ఇంట్లోవాళ్లు 'ఆపరేషన్ నీరసం' అనుకుని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు పెట్టిస్తారు. ఆ పూటకు ఓపిక వస్తుంది గానీ, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), బైకార్బొనేట్ చూడందే అసలు సంగతి తేలదు.

ఇన్‌ఫెక్షన్ మరో పెద్ద కారణం. మూత్రనాళాల్లో పెట్టిన స్టెంట్లు (సన్నని గొట్టాలు) తీశాక చలిజ్వరం వస్తే ఆ రాత్రే బయల్దేరాలి. కల్చర్‌కి (ఏ క్రిమో తేల్చే పరీక్షకి) సంచిలోని మూత్రం పంపడం దండగ, అందులో ఎప్పుడూ క్రిములే. స్టోమాలోకి సన్నని గొట్టం పెట్టి తాజాగా తీయాలి. మూత్రంలో కనిపించే తెల్లటి జిగురు తీగలు చీము కాదు, పేగు సహజంగా వదిలేదే.

కాబట్టి డిశ్చార్జి నాటి బరువు, క్రియాటినిన్, బైకార్బొనేట్, 24 గంటల మూత్రం కాగితంపై రాసివ్వాలి. ఏడో రోజుకు అవే రక్తపరీక్షలు మళ్లీ చేయించాలి. ఏటూరునాగారం నుంచి వచ్చేవారికి హనుమకొండ సుమారు 100 కిలోమీటర్లు, 'ఏదైనా అయితే రండి' అంటే సరిపోదు. 3, 7, 10 రోజుల్లో వార్డు నుంచే ఫోన్ వెళ్లాలి. సంచి వంపిన ప్రతిసారీ లీటరు నీళ్ల సీసాలో పోసి కొలిచారా, రోజుకు లీటరు కన్నా తగ్గిందా, వాంతులున్నాయా, గాలి పోతోందా, పిక్క వాచిందా అని అడగాలి. రాసుకునే నంబరు రోగిది కాదు, సంచి మార్చే కోడలిదో కొడుకుదో అయి ఉండాలి.

— యూరాలజీ వార్డు నర్సులు, హనుమకొండ