విదేశాల్లో విశ్రాంత జీవులకు వీసా బెంగ

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ విరమణ తర్వాత పరాయి దేశంలో స్థిరపడినవారి వీసా ఇబ్బందులపై జరగవలసినంత చర్చ జరగడం లేదు. థాయ్‌లాండ్‌నే తీసుకుంటే, 50 ఏళ్లు నిండిన విశ్రాంత విదేశీయులు ఏటా అనుమతి పొడిగించుకోవడానికి సాధారణంగా అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌ల నిల్వ గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. ప్రతి 90 రోజులకూ తాము ఉంటున్న చిరునామాను ఇమ్మిగ్రేషన్ అధికారులకు తెలియజేయాలి. ఆదాయానికి సంబంధించి లేఖలు ఇచ్చే పద్ధతిని బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు 2019 నుంచి నిలిపివేయడంతో, పింఛను మీదే బతికే ఎందరో నెలనెలా సొమ్ము జమ అయినట్లు బ్యాంకు రుజువులు కూడబెట్టుకోవలసి వచ్చింది.

డబ్బు ఎలాగోలా సర్దుకోవచ్చునేమో గానీ, ఒంట్లో ఓపికను ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? పాస్‌బుక్ నకళ్ల మీద పేజీ పేజీకీ వణికే చేత్తో సంతకం పెడుతున్న ఎనభై ఏళ్ల మనిషిని ఒక్కసారి తలచుకోండి. జీవిత భాగస్వామి వీసాపై ఆధారపడి ఉంటున్నవారికైతే, ఆ తోడు పోయిన దుఃఖంలోనే నివాస హక్కు గురించీ బెంగపడవలసిన పరిస్థితి, ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేస్తుంది.

పదేళ్లకు పైగా చట్టబద్ధంగా నివసించిన వృద్ధులకు దీర్ఘకాలిక అనుమతి ఇవ్వాలని, నిబంధనలు మారినప్పుడు అప్పటికే స్థిరపడినవారిని మినహాయించాలని ప్రభుత్వాలు పరస్పరం మాట్లాడుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు