నెల్లూరు, ఒంగోలు సర్వర్లు చూసేవాళ్లందరికీ

సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉండే రూట్ అకౌంట్ పాస్‌వర్డ్ నలుగురూ వాడటం ఇక ఆపేద్దామండీ. ఎవరేం చేశారో లాగ్‌లో తేలడం లేదు.

ఎవరి అకౌంట్ వాళ్లకే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీతో, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్‌తో. బ్యాకప్ చూసేవాళ్లకి సుడోలో (రూట్ అధికారంతో కమాండ్ నడిపించే ప్రోగ్రామ్) బ్యాకప్ స్క్రిప్ట్ ఒక్కటే ఇవ్వండి. ఆ స్క్రిప్టూ, అదున్న ఫోల్డరూ రూట్ పేరు మీదే ఉండాలి. వాళ్లు దాన్ని మార్చగలిగితే రూట్ చేతికిచ్చినట్టే. విమ్ (ఫైల్ ఎడిటర్), లెస్ (ఫైల్ చదివే ప్రోగ్రామ్) సుడోలో అస్సలు వద్దు, వాటి లోపల్నుంచే రూట్ షెల్ (రూట్‌గా ఏ కమాండైనా నడిపే చోటు) తెరుచుకోవచ్చు. ఫైల్ దిద్దడానికి సుడోఎడిట్ ఉంది.

సుడో రూల్స్ విసుడో అనే కమాండ్‌తోనే రాయండి, తప్పుంటే అక్కడే చెబుతుంది. ఆ రూల్స్ ఉండే సుడోయర్స్ డాట్ డి ఫోల్డర్‌లో పెట్టే ఫైల్ పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని చదవనే చదవదు, జాగ్రత్త.

చివర్న, రూట్‌గా నేరుగా లాగిన్ కాకుండా, ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్స్‌లో 'పర్మిట్‌రూట్‌లాగిన్ నో' పెట్టి ఎస్‌ఎస్‌హెచ్ రీలోడ్ చేయండి. రెండో టెర్మినల్‌లో మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, సుడో పనిచేశాకే మొదటిది మూయండి.