కరిగిపోయే కోర్‌ మీదా దృష్టి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ కోసం సింగిల్ క్రిస్టల్ (మొత్తం ఒకే స్ఫటికంగా ఉండే) టర్బైన్ బ్లేడ్లు పోతపోసి, 2021లో 60 బ్లేడ్లను విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందజేసింది. ఇలాంటి విజయాల గురించి రాసేటప్పుడు మిశ్రలోహం పేరు వస్తుంది, క్రిస్టల్ పేరు వస్తుంది. ఇంకా ఎక్కువ వేడిలో తిరిగే బ్లేడ్ల లోపల గాలి దారులను మలిచే సిరామిక్ కోర్ ఊసు మాత్రం రాదు. ఇంజిన్‌లోని గ్యాసు వేడి బ్లేడు లోహం కరిగే వేడిని దాటిపోతుంది. లోపల గాలి ఆడితేనే బ్లేడు నిలుస్తుంది. ఆ వంకర దారులను డ్రిల్లింగ్‌తో తొలవలేం. పోత సమయంలోనే అక్కడ కోర్ ఉండాలి, తర్వాత పోవాలి.

మామూలుగా వాడే కోర్‌లో వందకు 75–80 పాళ్లు ఫ్యూజ్డ్ సిలికా (కరిగించి గాజులా చేసిన సిలికా), మిగతాది జిర్కాన్ ఖనిజం. ఈ పొడికి దాని బరువులో ఆరో వంతు వరకు వ్యాక్స్ బైండర్ కలిపి, వేడి చేసి, ఉక్కు డైలోకి ఇంజెక్ట్ చేస్తారు. తర్వాత అల్యూమినా పొడిలో కప్పెట్టి మెల్లగా వేడి పెంచుతారు. కరిగిన వ్యాక్స్‌ను ఆ పొడి పీల్చుకుంటుంది. ఇక్కడ తొందరపడితే కోర్ పొక్కులెక్కుతుంది, వంకర పోతుంది.

అసలు కిటుకు 1,200 డిగ్రీల దగ్గర కాల్చేటప్పుడు ఉంది. ఆ వేడిలో గాజులాంటి సిలికా కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంగా మారుతుంది. అది మరీ ఎక్కువైతే, చల్లారేటప్పుడు 200–270 డిగ్రీల మధ్య ఒక్కసారిగా కుంచించుకుని కోర్ నిండా సన్నటి పగుళ్లు తెస్తుంది. అలాంటి కోర్ చుట్టూ బ్లేడు ఆకారంలో ప్యాటర్న్ వ్యాక్స్ ఎక్కించగానే, అరమిల్లీమీటరు మందం ఉండే వెనక అంచు దగ్గర పుటుక్కున విరుగుతుంది. మరీ తక్కువైతే 1,500 డిగ్రీల లోహంలో గంటకు పైగా నిలబడలేక కుంగుతుంది. అప్పుడు బ్లేడు గోడ ఒకవైపు పలచబడుతుంది. అందుకే కాల్చేటప్పుడు కొంతే రానిచ్చి, మిగతాది పోతకు ముందు షెల్ (వ్యాక్స్ చుట్టూ కట్టే సిరామిక్ అచ్చు) వేడెక్కేటప్పుడు పెరగనివ్వాలి. మధ్యలో చల్లారదు కనుక అప్పటికి పగుళ్లు రావు. పోత చల్లారాక వచ్చినా మేలే. లోహం కుంచించుకునేటప్పుడు కోర్ దారి ఇవ్వాలి. మొండికేస్తే లోహంలో ఒత్తిడి మిగిలిపోయి, హీట్ ట్రీట్‌మెంట్‌లో కొత్త గ్రెయిన్లు (విడి స్ఫటికాలు) పుడతాయి. ఇక అది సింగిల్ క్రిస్టల్ కాదు.

సిలికా క్రిస్టోబలైట్‌గా మారడాన్ని సోడియం, పొటాషియం తొందరపెడతాయి. చెమట చేత్తో ముట్టుకున్న చోటే క్రిస్టోబలైట్ మచ్చగా ఎదుగుతుంది. కనుక పొడి శుభ్రతను పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) లెక్కన చూడాలి. పొడి గుళికల (రేణువుల) సైజుల పంపిణీ బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మారకూడదు. మారిందా, కుంచింపు మారి డై కొలతలే పనికిరాకుండా పోతాయి.

షెల్ వ్యాకోచం కోర్ కన్నా చాలా ఎక్కువ. అందుకే కోర్‌ను ఒక చివర బిగించి రెండో చివర జారేలా వదలాలి. రెండు చివరలూ బిగిస్తే విరుగుతుంది. ప్యాటర్న్ వ్యాక్స్ కరిగి పోయాక కోర్ కదలకుండా సన్నటి ప్లాటినం పిన్నులు పట్టి ఉంచుతాయి. పోత తర్వాత ఆటోక్లేవ్ అనే ఒత్తిడి పాత్రలో వేడి కాస్టిక్ ద్రావణంతో సిలికాను కరిగిస్తారు. కోర్‌లో 25–35 శాతం రంధ్రాలుంటేనే ద్రావణం లోపలికి పాకుతుంది. జిర్కాన్ కరగదు. పట్టు వదిలాక నీళ్లతో కడిగేయాలి. దారిలో ముక్క మిగిలితే ఆ చోట గాలి ఆడక బ్లేడు కాలిపోతుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ ముక్క దొరకడం కష్టం. గాడోలినియం ద్రావణంలో నానబెట్టి న్యూట్రాన్ రేడియోగ్రఫీ తీస్తే స్పష్టంగా కనబడుతుంది.

క్వార్ట్జ్ నెల్లూరు ప్రాంతంలో ఉంది. జిర్కాన్ శ్రీకాకుళం, భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉంది. రాయినీ ఇసుకనూ టన్నుల లెక్కన అమ్ముకోవడంతో ఆగితే కోర్ పరిశ్రమ రాదు. కోర్ గ్రేడు పొడులు చేసేవారు సోడియం, పొటాషియం, గుళిక సైజు వివరాలతో ప్రతి బ్యాచ్‌కూ పరీక్షా పత్రం ఇవ్వగలిగేలా ఒక ఉమ్మడి ల్యాబ్ కావాలి. గూడూరు ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థలో కోర్ ఇంజెక్షన్, వ్యాక్స్ తొలగింపు, క్రిస్టోబలైట్ కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ప్రాక్టికల్స్ చేయించాలి. పరికరాలన్నీ అక్కడే కొననక్కర్లేదు. హైదరాబాద్ పరిశోధన సంస్థలతో ఒప్పందం చేసుకుని విద్యార్థులను ఒక సెమిస్టర్ పంపినా పని మొదలవుతుంది. రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు ఈ విషయం మీద కలిసి కూర్చోవాలని కోరుతున్నాం.

— ప్రెసిషన్ కాస్టింగ్ ఇంజినీర్లు, హైదరాబాద్