కొలిమి పని నేర్చుకుంటానని వచ్చినవాడికి ఏ పథకం వర్తిస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

కంచరపాలెంలో ఇరవై రెండేళ్లుగా కొలిమి నడుపుతున్నాను. మాది కమ్మరి ఇల్లు కాదు, నాన్న హార్బర్‌లో కలాసీ. చదువు అబ్బక గాజువాకలో ఒక పెద్దాయన దగ్గర చేరాను. మావయ్యా అని పిలిచేవాణ్ణి. మొదటి ఏడాదంతా బొగ్గు నలగ్గొట్టడం, ఆయన చూపించిన చోట సమ్మెట వెయ్యడం, టీ తేవడం. సుత్తి ముట్టుకోనివ్వలేదు. కూలి లేదు, మధ్యాహ్నం అన్నం మాత్రం పెట్టేవారు. ఇప్పుడు ఎవర్నయినా అలా ఉండమంటే ఉంటారా?

కిందటి కార్తీకంలో ఒక కుర్రాడొచ్చాడు. ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. ఫోన్‌లో కత్తులు చేసే వీడియోలు చూసి మోజుపడ్డాడట. రోజుకి 300 ఇస్తానని పెట్టుకున్నాను. మూడో వారంలో లారీ కమాన్ పట్టీ సాగగొట్టి కత్తిపీటకి కత్తి చేశాడు. (ఊళ్లోనే ఇంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నా ఇనుము పెట్టి కొట్టే మా దాగలి మీదకొచ్చేది తుక్కే.) ఆకారం బాగానే కుదిరింది. ఎర్రగా కాల్చి బకెట్లో నీళ్లలో ముంచేశాడు. టిక్‌మంది. వాడికి వినపడలేదు, నాకు వినపడింది. తుడిచి చూస్తే అంచు దగ్గర వెంట్రుకంత పగులు.

కమాన్ ఉక్కుని నూనెలో ముంచాలి. ఎంత కాలిందో చూడ్డానికి పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి వేలాడదీశాను, ఇనుము దానికి అతుక్కోకపోతే ముంచే వేళయినట్టు. ఆ తర్వాత పైన మసి గీకి, సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు తిరిగేదాకా మళ్లీ కాచాలి. నీలం తిరిగిందంటే మెత్తబడిపోయినట్టే, చేపలు కోసే అమ్మలు రెండ్రోజులకే తెచ్చి మొహాన కొడతారు. ఆ రంగు కంటికి పట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది.

చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పథకం, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో కమ్మరం కూడా ఉంది. మొదటి శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకి 500 స్టైపెండ్, పనిముట్లకి 15,000. మంచిదే, కాదనను. కానీ అది ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లకి. బయటి నుంచి వచ్చి నేర్చుకుందామనుకునేవాడి సంగతేంటి? ఆ 500 ఏదో, కొలిమి దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలకి ఓ ఆరు నెలలు ఇప్పిస్తే చాలు. వాళ్లు పాడుచేసే బొగ్గూ ఇనుమూ నేను భరించుకుంటాను.

మా కుర్రాడు సంక్రాంతికి ఊరెళ్లి, వచ్చాక ఫుడ్ డెలివరీలో చేరాడు. తప్పుపట్టను, ఇంటద్దె కట్టాలి కదా. పోయిన వారం ఫోన్ చేసి, "బాబాయ్, నా చోటు ఇంకా ఖాళీగానే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. 300 కంటే ఇవ్వలేనని కూడా చెప్పాను. మళ్లీ చేస్తానని పెట్టేశాడు.

– ఒక కొలిమి పనివాడు, కంచరపాలెం, విశాఖపట్నం