చివరి ముద్ర 1987: విద్యాశాఖ మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

చిత్తూరు నుంచి నమస్కారాలు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. చిత్తూరు, తిరుపతి మధ్య టికెట్లు కొడుతూనే కథలు రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. గ్రంథాలయాలు మీ శాఖ కిందికే వస్తాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట అన్నమయ్య కాలం నాటి తిరుపతి మీద ఒక కథ రాశాను. కాలినడకన కొండకు పోతున్న ముసలాయనకు దారిలో ఒకావిడ రాగి సంగటి పెట్టి, పక్కన ఎర్రటి మిరపకాయల కారం వేస్తుంది. కథ అచ్చయింది. చదివినవాళ్లు నోరూరిందన్నారు. పది రోజులకు ఒక కార్డుముక్క వచ్చింది. "అయ్యా, అన్నమయ్య 1503లో పోయినాడు. మిరపకాయ మన వంటింటికొచ్చింది ఆ తర్వాత, పోర్చుగీసువాళ్ల ఓడల్లో. మీ ముసలాయన తిన్నది ఏం కారం?" కింద సంతకం కూడా లేదు.

తల కొట్టేసినట్టయి శాఖా గ్రంథాలయానికి పోయాను. వంటల చరిత్ర ఏదైనా ఉంటుందేమోనని వెతికితే బీరువా అడుగు అరలో దేవస్థానంవారు 1930లలో అచ్చువేసిన తిరుమల శాసనాల సంపుటం ఒకటి చేతికి తగిలింది. శాసనాలు ఎక్కువ తమిళంలో ఉన్నాయి, వివరాలు ఇంగ్లీషులో. మా సరిహద్దు మనుషులకు తమిళం చెవికి తెలుసు, కంటికి తెలియదు. తమిళం చదవొచ్చిన పక్కింటి పెద్దాయన్ని బతిమాలి సాయంత్రాలు చదివించుకున్నాను.

ఎంత ఒట్టి పుస్తకమో చెప్పలేను! ఫలానా ఆయన ఇంత డబ్బిచ్చాడు, దాంతో గుడి గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్వించాలి, పెరిగిన పంటలోంచి నైవేద్యం జరగాలి. బియ్యం ఇంత, నెయ్యి ఇంత, పెసలు ఇంత, మిరియాలు ఇంత. పేజీలకు పేజీలు అదే వరస. నేను వెతుకుతున్న కారం దొరికింది, మిరియం. కానీ ఆ రాత్రి నన్ను పట్టుకున్నది మిరియం కాదు, చెరువు. దేవుడి ముందు పెట్టే అన్నం వెనక ఎక్కడో మట్టి తట్టలు మోసినవాళ్లున్నారని నాకు అంతవరకూ తోచనే లేదు. కథ తిరగరాశాను. ముసలాయన ఈసారి వట్టి భక్తుడు కాడు, వయసులో ఉన్నప్పుడు ఆ చెరువుకు మట్టి మోసినవాడు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూశాను. నాకు ముందు పడిన చివరి ముద్ర 1987ది.

మొన్న మళ్లీ పోతే ఆ బీరువా చోటులో పోటీ పరీక్షల గైడ్లున్నాయి. ఎవరూ తీసుకెళ్లని పాత పుస్తకాలు మూటలు కట్టి వరండాలో పెట్టారు. తూకానికి వేస్తారని అక్కడ కూర్చున్నవాళ్లు అన్నారు. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లల మీద నాకే కోపమూ లేదు. మా అక్క కొడుకు అలాంటి హాల్లోనే చదివి కానిస్టేబులయ్యాడు. వాళ్లకు ఇంకో నాలుగు బల్లలు, రెండు ఫ్యాన్లు వేయించండి, సంతోషం. నా గొడవల్లా కొలత గురించి. ఏడాదికి ఎందరు తీసుకెళ్లారన్న లెక్కతో చూస్తే ఆ శాసనాల సంపుటం చెత్తే.

మా రచయితల తప్పు కూడా ఉంది. కథలు రాసేవాళ్లం కథలే చదువుతాం, కవులు కవిత్వమే, అదీ స్నేహితులదే. కాచిన టీపొడినే మళ్లీ కాచినట్టు ఉంటుంది అప్పుడు రాసేది. నాకు పనికొచ్చినవాటిలో సగం సాహిత్యం కానే కాదు. మామిడి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గుతుందని మా నాయన చెప్పగా విన్నదే. ఎందుకో మాత్రం ఉద్యానశాఖ చిన్న పుస్తకంలో చదివాను. కాసిన కొమ్మ బలమంతా కాయకే పోతుంది, మరుసటి ఏడు పూతకు దాని దగ్గర ఏమీ మిగలదు. నలుగురు పిల్లల్ని కన్న మా పెద్దమ్మ గురించి రాయాలని ఎన్నేళ్లుగానో అనుకుంటూ రాయలేకపోయిన కథ ఆ వారంలో పూర్తయింది. మామిడి తెగుళ్ల కోసం కూడా ఆ పుస్తకాన్ని చివరిదాకా చదివాను లెండి, బాగుంది.

చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1931లో, మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి రంగనాథన్ గారు గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది ఒకటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నది ఇంకొకటి. రెండోదానికి ఓపిక కావాలి. ఎంత ఓపికో మా తిరుపతివాళ్లకు తెలుసు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు కొండమీద గుడిలో ఒక చిన్న గదిలో తరాల తరబడి పడి ఉండి 1922లో గానీ బయటికి రాలేదు. ఇవాళ మనకు మిగిలిన సంకీర్తనలు దాదాపు 14 వేలు. ఆ గదికి తేదీల చీటీ అంటించి ఉంటే ఎన్ని ముద్రలు పడేవి? అన్నమయ్య కూడా సంస్కృతం ఒక్కటే పట్టుకు కూర్చోలేదు. జోలపాట, గొబ్బిపాట, సువ్విపాట అన్నీ చెవిన వేసుకున్నవాడు, అవన్నీ ఆ రేకుల్లో ఉన్నాయి.

డబ్బు లేదంటారేమో. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మేం కడుతూనే ఉన్నాం. ఆ వసూళ్లు గ్రంథాలయాలకు పూర్తిగా, వేళకు చేరేలా చూడండి. కొనే పుస్తకాల్లో కొంత వాటా వ్యవసాయానికి, వైద్యానికి, ఊళ్ల చరిత్రలకు, యాత్రలకు అట్టేపెట్టించండి. కుప్పం, నగరి వైపు గ్రంథాలయాలకు తమిళం, కన్నడం పుస్తకాలూ వాటికి మన తెలుగు అనువాదాలూ ఇప్పించండి. తాళం వేసిన బీరువాలు తెరిపించండి. పేరు చెప్తే లోపలినుంచి తెచ్చిచ్చే పద్ధతిలో, పేరు తెలియని పుస్తకం ఎవరికి దొరుకుతుంది?

పాతవి తీసేయక తప్పదంటారా, తీసేయండి. తూకానికి వేసేముందు ఆ జాబితాను మాత్రం నెలరోజులు నోటీసు బోర్డు మీద పెట్టించండి. మొదటి రోజు పొద్దున్నే నేనొచ్చి నిలబడతాను, కళ్లజోడు తెచ్చుకుని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు, కథలు రాసుకునేవాడు
చిత్తూరు