‘శుభాకాంక్షలు’ అచ్చు వేసుకోవడానికి తెలుగు స్టాంపు ఏదీ?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారములు. గత ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు తయారు చేసుకోవడం గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చేత్తో చేసిన కార్డుకు ఒక పేజీ మొత్తం ఇచ్చినందుకు సంతోషించాను. అయితే ఆ పేజీలో కనిపించిన కార్డులన్నిటి మీదా ఉన్నవి ఇంగ్లీషు మాటలే. తెలుగులో రబ్బరు స్టాంపులు దొరకవు కనుక ఆ మాటలను పెన్నుతో రాసుకోవలసిందేనని వ్యాసం చివర ఒక్క వాక్యంతో తేల్చేశారు. బజారులో దొరకని మాట చాలావరకు నిజమే గాని, అది మన ఇంటి బల్ల మీద తేలిగ్గా తయారయ్యే వస్తువని తెలియజేయడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విరమించినదాన్ని. సంక్రాంతి వస్తోందంటే బీసెంట్ రోడ్డులో తాళ్లకు కార్డులు వేలాడదీసి అమ్మే ఆ రోజుల్లో, జనవరి మొదటి రెండు వారాలూ మా కౌంటరు వెనుక సంచుల కొద్దీ గ్రీటింగులే ఉండేవి. సినిమా హీరోల బొమ్మలవి కొన్ని, గొబ్బెమ్మలూ హరిదాసులూ ఉన్నవి కొన్ని. వాటి మీద తేదీ ముద్ర వేయడానికి కూర్చున్న మొదటి రోజున మా పెద్ద గుమాస్తాగారు, “కవరు కింద రబ్బరు మెత్త వేసుకోమ్మా, లేకపోతే ఎంత గట్టిగా గుద్దినా సగమే పడుతుంది” అన్నారు. విరమణ తరువాత మనవరాలితో కలిసి కార్డులు చేయడం మొదలుపెట్టినప్పుడు నాకు అక్కరకు వచ్చిన చదువు అదొక్కటే.

మీ వ్యాసం కొనమన్న వస్తువుల జాబితాలో ఆ మెత్త లేదు. గాజులా కనిపించే పాలిమర్ స్టాంపును అక్రిలిక్ దిమ్మకు అంటించి వాడేవారికి అది మరీ అవసరం. పాత దినపత్రికను నాలుగైదు మడతలు పెట్టి కాగితం కింద పరిస్తే సరిపోతుంది. కొత్త స్టాంపు మీద సన్నని జిడ్డు పొర ఉంటుంది కనుక, పెన్సిలు రబ్బరుతో తేలిగ్గా రుద్ది దాన్ని తీయకపోతే సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. స్టాంపు పెద్దదైతే దాన్ని ప్యాడు మీద అదమడం కన్నా, స్టాంపును వెల్లకిలా పట్టుకొని ప్యాడునే దాని మీద మెల్లగా తట్టడం మేలు, ఎందుకంటే సిరా ఎక్కడ అంటిందో ఎక్కడ అంటలేదో అప్పుడు కంటికి తెలుస్తుంది. ఆపైన నిటారుగా దించి, నొక్కి, నిటారుగా ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే అంచుల చుట్టూ నీడలా మరక పడుతుంది.

సిరాల దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. డై సిరా కాగితంలోకి ఇంకి క్షణాల్లో ఆరుతుంది. పిగ్మెంట్ సిరా కాగితం పైనే నిలిచి తాపీగా ఆరుతుంది. ఆఫీసుల్లో వాడే ఊదా రంగు ప్యాడు మొదటి రకానికి చెందినదే గాని, తడి తగిలితే పాకుతుంది, వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి దాచుకోవలసిన కార్డుకు పనికిరాదు. ఇక నునుపు పూత ఉన్న ఆర్ట్ కార్డు మీద పిగ్మెంట్ సిరా రోజులు గడిచినా వేలికి అంటుతూనే ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లో వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఎంబాసింగుకు కావలసింది ఆ తాపీతనమే. సిరా పచ్చిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, ఎక్కువైనదాన్ని మరో కాగితం మీదికి దులిపి మళ్లీ సీసాలో పోసుకొని, వేడి చూపించామంటే పొడి కరిగి అక్షరం బంగారు తీగ అతికించినట్టు ఉబ్బి మెరుస్తుంది.

ఆ వేడి కోసం నేను మొదటిసారి జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరు వాడాను. పొడి అంతా ఎగిరి భోజనాల బల్ల మీద, మనవరాలి కనుబొమల మీద మెరిసింది గాని కార్డు మీద రవ్వంత కూడా మిగల్లేదు. డ్రైయరులో గాలి ఎక్కువ, వేడి తక్కువ. తక్కువ గాలితో ఎక్కువ వేడినిచ్చే హీట్ గన్ అనే పరికరం కొనడం ఇష్టం లేనివారు బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టెకు కార్డు వెనుక వైపును కాసేపు ఆనిస్తే పొడి కింది నుంచి కరుగుతుంది. ముద్ర వేయడానికి ముందే, పల్చటి నూలు గుడ్డలో మూటగట్టిన టాల్కం పౌడరుతో కాగితాన్ని ఒకసారి అద్దితే అక్కర్లేని చోట్ల పొడి అంటుకోదు.

కాగితం గురించి మీరు రాసినదానికి నేను చేర్చదలచింది కొంచెమే. జిరాక్సు కాగితం 70, 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు) ఉంటుంది. కార్డుకు 250 నుంచి 300 జీఎస్‌ఎం కావాలి. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు కనుక 300 జీఎస్‌ఎం షీటు 19 గ్రాముల లోపే తూగుతుంది. దాన్ని సగానికి కోసి మడిస్తే పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దదైన కార్డు వస్తుంది, బరువు తొమ్మిదిన్నర గ్రాములు. ఉత్తరాల బరువును 20 గ్రాముల మెట్ల లెక్కన తూచినదాన్ని కాబట్టి చెబుతున్నాను: కవరుతో కలిపినా ఇది మొదటి మెట్టు దాటదు, కుందన్లూ పూసలూ అతికిస్తే మాత్రం దాటుతుంది, పైగా అవి దారిలో కవరును చించుకొని బయటికి వస్తాయి. కాగితంలోని పీచు ఒక దిక్కుకు పరుచుకొని ఉంటుంది. షీటును రెండు వైపులకూ మెల్లగా వంచి చూసి, ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వైపే మడవాలి. అడ్డంగా మడిస్తే మడత మీద కాగితం పగులుతుంది. మడిచే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గీత నొక్కి గీయడం మరవరాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లీషుకు 26 అక్షరాల స్టాంపుల సెట్టు ఒకటుంటే ఏ మాటనైనా కూర్చుకోవచ్చు. గుణింతాలూ వత్తులూ ఉన్న తెలుగుకు అది కుదరదు. మాట మాటకూ ఒక స్టాంపు కావాలి. కంపెనీలు తెలుగు సెట్లు తీసుకురాకపోవడానికి ఇదే కారణమని నేననుకుంటున్నాను. కిందటేడు నేను నగరంలోని ఒక స్టాంపుల దుకాణంలో ‘శుభాకాంక్షలు’ అని చేయించుకోబోయి, ఆ మాటను ఫోనులో టైపు చేసి పంపాను. వాళ్ల కంప్యూటరులోని డిజైన్ సాఫ్ట్‌వేరుకు మన వత్తులు అర్థం కాలేదు కాబోలు, ‘క్ష’ రెండుగా విరిగి, పొల్లుతో ఒక ‘క్’, దాని పక్కన ఒక ‘ష’ వచ్చాయి. నమూనా చూసుకోకుండా డబ్బిచ్చిన తప్పు నాది. రెండోసారి, ఎవరైనా ఉచితంగా దింపుకోగల రామభద్ర అనే లావుపాటి ఫాంటులో మాటను కూర్చి, అక్షరాలుగా పంపకుండా బొమ్మగా మార్చి పంపాను. ముద్ర చక్కగా పడింది. సన్నని అక్షరాల ఫాంటు ఎంచుకుంటే సున్నలూ ‘భ’ కింది గీతా సిరాతో పూడుకుపోతాయి. ఆ గీత కనబడని కార్డు అందుకున్నవారు మనకు ‘శుభం’ రాయడం రాదనుకుంటారు, ‘ధన్యవాదాలు’ కాస్తా ‘దన్యవాదాలు’ అవుతుంది.

దుకాణం దాకా వెళ్లనక్కర్లేని పద్ధతి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. పెద్ద సైజు పెన్సిలు రబ్బరు ఒకటి, పదునైన కట్టరు ఒకటి ఉంటే చాలు. మాటను బటర్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో ఎత్తి రాసుకొని, ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి వెనుక నుంచి గోటితో రుద్దితే అక్షరాలు తిరగబడి దిగుతాయి. గీతలను వదిలి చుట్టూ ఉన్న రబ్బరును తీసేయాలి. కట్టరు మొన గీత నుంచి బయటికి వాలేలా పట్టుకోవాలి. లోపలికి వాలిస్తే గీత అడుగు సన్నబడి, నొక్కినప్పుడు పక్కకు ఒరుగుతుంది. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి కట్టరును కదపకుండా ఉంచి రబ్బరునే మెల్లగా తిప్పుతూ పోతే ‘ల’, ‘ఉ’ వంపులు సాఫీగా తెగుతాయి. నా అనుభవంలో సెంటీమీటరు కన్నా చిన్న అక్షరాన్ని చెక్కబోవడం కళ్లకూ రబ్బరుకూ నష్టమే. చెక్కిన పొట్టును సెలోటేపుతో ఎత్తేసి, ఒక ముద్ర వేసి చూసుకొని, అనవసరంగా సిరా అంటుకున్న చోట్లను మళ్లీ గీరేయాలి. చిన్న పిల్లలుంటే కట్టరు జోలికి పోనివ్వకుండా అడ్డంగా కోసిన బెండకాయ ఇవ్వండి. కోసిన వైపు పొడి గుడ్డతో అద్దితే దాని ఐదు రేకల పువ్వు ఏ కంపెనీ స్టాంపుకూ తీసిపోదు.

అంచుల డిజైన్లకు మాత్రం మనం వెతుక్కోవలసింది బందరు రోడ్డు చివరన. బందరు పక్కనే ఉన్న పెడనలో కలంకారీ కోసం టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివారున్నారు. గీతకు ఒక అచ్చు, దాని లోపలి రంగుకు మరో అచ్చు చెక్కి, ఒకదాని మీద ఒకటి తప్పకుండా దించడం వారికి రోజువారీ పని. మీ వ్యాసం కొత్త విదేశీ పద్ధతి అన్నట్టుగా చెప్పిన లేయర్ స్టాంపింగు కూడా ఇదే. అక్కడ అద్దకం బల్ల మీద గుడ్డ పొరలు పరచి ఉంచేది కూడా మా పెద్ద గుమాస్తాగారు చెప్పిన కారణానికే. చెక్క గట్టిది కనుక కాగితం మీద వాడేటప్పుడు కింద మెత్త రెట్టింపు వేసి, పిగ్మెంట్ సిరా అద్దితే మామిడి పిందెల అంచు నిండుగా పడుతుంది.

గ్రీటింగ్ కార్డు విదేశీ వస్తువు, దాని మీద ఇంగ్లీషు ఉంటే ఏమిటని మా ఇంట్లోనే అన్నవారున్నారు. 1840లో బ్రిటన్‌లో వచ్చిన, ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే పెన్నీ తపాలా ఏర్పాటులో పాలుపంచుకున్న హెన్రీ కోల్, 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి లండన్‌లో తొలి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించి అమ్మకానికి పెట్టిన మాట వాస్తవమే. అయితే ఆయన దాని మీద తన వాళ్లు చదువుకునే భాషలోనే శుభాకాంక్షలు వేయించాడు. మనమూ అదే చేద్దామంటున్నాను.

కనుక మీకు ఒక మనవి. సంక్రాంతికి నాలుగు వారాల ముందు వచ్చే అనుబంధంలో అర పేజీ కేటాయించి శుభాకాంక్షలు, సంక్రాంతి, ఉగాది, పుట్టినరోజు, పెళ్లిరోజు, ధన్యవాదాలు, ఆశీస్సులు, ప్రేమతో అనే ఎనిమిది మాటలను లావుపాటి అక్షరాలతో, ఒక్కో అక్షరం సెంటీమీటరున్నర ఎత్తుకు తగ్గకుండా అచ్చు వేయగలరా? మీ ఆర్టిస్టులకు అది ఒక పూట పని. అక్షరాలను తిరగేసి వేయవద్దని మాత్రం వారికి చెప్పండి; ఆ పని బటర్ పేపరు చేసిపెడుతుంది.

ఇట్లు,
తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగిని,
సత్యనారాయణపురం, విజయవాడ