బౌద్ధ మిత్రుడితో మాట్లాడే ముందు

సంపాదకులకు నమస్కారం.

బుద్ధ పూర్ణిమ వస్తే చాలు, ‘బుద్ధుడైనా క్రీస్తైనా చెప్పింది ఒక్కటే’ అనే ధోరణిలో వ్యాసాలు వస్తుంటాయి. చదవడానికి బాగానే ఉంటాయి కానీ, బౌద్ధ మిత్రుడితో తీరిగ్గా మాట్లాడాలనుకునే కతోలికుడికి ఎందుకూ కొరగావు. ఆయన నమ్మకం, తన విశ్వాసం రెండూ అందులో పలచబడిపోతాయి. మరోవైపు ‘బౌద్ధం నాస్తికం, నిర్వాణమంటే ఏమీ లేకుండా పోవడం’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లున్నారు. వాళ్లతో మాట మొదలవకముందే తెగుతుంది.

తిరుసభ, అంటే కతోలిక సంఘం, ఈ రెండు దారులూ పట్టలేదు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ప్రకటనలో బౌద్ధానికి దక్కింది ఒక్క వాక్యమే అయినా చాలా జాగ్రత్తగా రాశారు. మారిపోయే ఈ లోకం మనిషికి చాలదని బౌద్ధం గుర్తిస్తుందని, స్వప్రయత్నంతో గానీ పైనుంచి అందే సాయంతో గానీ విముక్తికి, జ్ఞానోదయానికి దారి చూపుతుందని అందులో ఉంది. బౌద్ధానికి వివిధ రూపాలున్నాయని కూడా ఆ వాక్యమే గుర్తుచేస్తుంది. మనవాళ్లు సాధారణంగా దాటేసేది అక్కడే.

మిత్రుడు ఏ సంప్రదాయం వాడో ముందు అడగాలి. శ్రీలంక, థాయ్‌లాండ్‌లలో నిలిచిన పాత సంప్రదాయమైన థేరవాదానికి చెందినవాడైతే పాఠ్యపుస్తకాల అలవాటు కొద్దీ ‘హీనయానం’ అనకూడదు. అది అవతలి పక్షమైన మహాయానం వారు చిన్నచూపుతో పెట్టిన పేరు. నమ్మినవారిని తరింపజేస్తానన్న అమితాభ బుద్ధుడి ప్రతిజ్ఞ మీదే భారం వేసే జపాన్ జోదో షిన్‌షూ వారి దగ్గర ‘మీది స్వయంకృషి, మాది దేవుని వరప్రసాదం’ అని గీత గీస్తే చెల్లదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ వేసిన బాటలో బౌద్ధులైనవారికి పునర్జన్మ అసలు ప్రశ్నే కాకపోవచ్చు. వారికి ముఖ్యం కులం, సమానత్వం. అక్కడ కతోలికుడు వాదనకు దిగేకంటే ముందు, చర్చిలోకి చొరబడిన కుల వివక్షకు జవాబు చెప్పుకోవాలి.

మాట ఎక్కడ మొదలుపెట్టాలన్నది తర్వాతి చిక్కు. చాలామంది ‘లోకాన్ని ఎవరు సృష్టించారు?’ అనే ప్రశ్నతో దిగుతారు. లోకం శాశ్వతమా, కాదా అని పట్టుబట్టిన మాలుంక్యపుత్రుడికి బుద్ధుడు విషబాణం ఉపమానం చెప్పాడు. బాణం దిగినవాడు వేసినవాడి కులగోత్రాలు తెలిస్తేగానీ తీయనివ్వనంటే ప్రాణం పోతుంది. ఈ పాఠం తెలిసిన మిత్రుడికి మన ప్రశ్న అసందర్భంగా తోస్తుంది. తృష్ణ దగ్గర మొదలుపెడితే ఇద్దరికీ కాలు మోపే చోటు దొరుకుతుంది. కోరిక మనిషిని ఎలా కట్టేస్తుందో ఈస్టరుకు ముందు వచ్చే కతోలిక తపస్సు కాలమూ చెబుతుంది. అయితే క్రైస్తవుడికి దేవుని కోసం ఉన్న ఆర్తి ఆర్పవలసింది కాదు, నెరవేరవలసింది. ఆ తేడాను దాచకుండా చెప్పాలి.

అసలు గట్టి ముడి అనాత్మ, అంటే స్థిరమైన ఆత్మ లేదనే బోధ. రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదు స్కంధాల్లో, అంటే మనిషిని కూర్చే భాగాల్లో వెతికితే ‘నేను’ అనదగ్గ స్థిరమైనదేదీ దొరకదంటుంది బౌద్ధం. వెంటనే ‘మరి మళ్లీ పుట్టేదెవరు?’ అని మనవాళ్లు గెలిచినట్టు అడుగుతారు. మిలింద రాజు నాగసేనుడనే భిక్షువును ఎప్పుడో అడిగాడది. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాములో ఉన్న జ్వాల, చివరి జాములో ఉన్న జ్వాల ఒకటీ కావు, వేరూ కావు అన్నది జవాబు. పాత ప్రశ్నతో ఎవరినీ ఇరుకున పెట్టలేం.

ఇక్కడ మన వైపు లోపమూ ఒకటుంది. ఆత్మ అంటే శరీరమనే బండిలో కూర్చున్న ప్రయాణికుడని చాలామంది కతోలికులే అనుకుంటారు. బౌద్ధ విమర్శ సూటిగా తగిలేది ఆ ఊహకే. తిరుసభ బోధ వేరు: ఆత్మ, శరీరం కలిసి ఒకే మనిషి. మరణం ఒక్కసారే (హెబ్రీ 9:27), ఆ తర్వాత నిరీక్షణ శరీర పునరుత్థానం మీద. పైగా పవిత్ర త్రిత్వంలో ‘వ్యక్తి’ని మధ్యయుగపు కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ సంబంధంగానే వివరించాడు. ఏదీ తనంతట తాను ఉండదని, ప్రతిదీ మరొకదానిపై ఆధారపడి పుడుతుందని చెప్పే ప్రతీత్యసముత్పాదం చదివిన మిత్రుడు ఈ మాట దగ్గర ఆగి వింటాడు. విడిగా, ఒంటరిగా నిలిచే ‘నేను’ మన సిద్ధాంతంలోనూ లేదని అప్పుడు తేలుతుంది.

నిర్వాణం విషయానికొస్తే, చావుతో అంతా నశిస్తుందనే ఉచ్ఛేదవాదాన్ని బుద్ధుడే తోసిపుచ్చాడు. ఆరిపోయేవి రాగం, ద్వేషం, మోహం. బుద్ధ విగ్రహానికి వంగితే విగ్రహారాధన అనే నింద కనీసం కతోలికులు వేయకూడదు, అదే నింద మోసినవాళ్లం కదా!

పొరపాటు ఎంత దూరం పోతుందో చరిత్రలో ఉంది. 1994లో వచ్చిన ఒక పుస్తకంలో రెండవ జాన్ పాల్ పోపు బౌద్ధ ముక్తిమార్గాన్ని దాదాపు పూర్తిగా ప్రతికూలమైనదన్నారు. 1995 జనవరిలో ఆయన కొలంబో వెళితే బౌద్ధ భిక్షు పెద్దలు సమావేశానికి రాలేదు. ఇందుకు భిన్నంగా, 1716లో టిబెట్‌లోని లాసా చేరిన జెస్వీట్ సభ కతోలిక గురువు ఇప్పోలితో దెసిదేరి సెరా విహారంలో వారి శాస్త్రాలే చదివి, శూన్యత, పునర్జన్మలపై టిబెటన్‌లోనే గ్రంథాలు రాశాడు. ఒప్పుకోలేదు, కానీ వారి తర్కంలోనే వాదించాడు.

ధ్యానం గురించి 1989 అక్టోబరు 15 నాటి వాటికన్ లేఖ స్పష్టంగా ఉంది. ఇతర మతాల పద్ధతుల్లో పనికొచ్చేవి తీసుకోవచ్చు, కానీ శరీరం నెమ్మదించగా కలిగే హాయిని పవిత్రాత్మ ఓదార్పు అనుకోకూడదు. మిత్రుడికీ ఒక అభ్యంతరం ఉండొచ్చు: శీలాన్ని వదిలి ఒక్క శ్వాస గమనింపునే తీసుకుపోవడం అష్టాంగ మార్గాన్ని ముక్కలు చేయడమే.

విహారానికి వెళితే చెప్పులు విప్పి, పాదాలు విగ్రహం వైపు చాపకుండా మౌనంగా కూర్చోవచ్చు. ‘బుద్ధం శరణం గచ్ఛామి’ అంటూ సాగే త్రిశరణాలు మాత్రం గొంతు కలిపి పలకకూడదు, అది శరణు వేడే ప్రతిజ్ఞ. థేరవాద భిక్షువులను భోజనానికి పిలిస్తే మధ్యాహ్నం దాటకముందే వడ్డన ముగియాలి. అలాగే మిత్రుడు చర్చిలో దివ్యబలిపూజకు వస్తానంటే, అక్కడ పంచే దివ్యసత్ప్రసాదం కతోలిక విశ్వాసులకేనని ఇంటి దగ్గరే చెప్పాలి. వరుసలో నిలబడ్డాక చెబితే అవమానించినట్టే.

– ఒక కతోలిక ఉపదేశి